కొక్కెం పట్టు, లంగరు పట్టు

చెన్నపట్నంలో మైలాపూరు, తిరువల్లిక్కేణి వంటి పాత పేటల్లో పెరటి బావులు వాడుకలో ఉన్న రోజుల్లో, వీధికి ఒక్క ఇంట్లోనైనా పాతాళగరిగె ఉండేది. ఇనుప వలయం చుట్టూ వేలాడే చిన్న చిన్న కొక్కేల గుత్తి అది. చేద జారి బిందె మునిగిపోతే ఆ ఇంటికి వెళ్లి దాన్ని అడిగి తెచ్చుకుని, బావి అడుగు తగిలేదాకా దింపి, గట్టు చుట్టూ మెల్లగా తిరుగుతూ తాడును కాస్త ఎత్తడం, కాస్త దించడం చేస్తుంటే, ఏదో ఒక కొక్కెం బిందె అంచుకో తాడు ముడికో తగులుకునేది. తమిళులు దీన్నే పాతాళ కరండి అనీ, పాతాళ కొలుసు అనీ అంటారు. అదే నగరంలో కాశిమేడు చేపలరేవుకు వెళ్తే, ఫైబరు పడవల ముందు కొసన ఇంచుమించు అదే పోలికలో, కాకపోతే మరికొంత పెద్దదిగా, నాలుగు కొమ్ములు విచ్చుకున్న ఇనుప లంగరు కనిపిస్తుంది. ఒకటి మునిగిన వస్తువును పైకి తెస్తుంది, మరొకటి తేలే పడవను కదలకుండా ఆపుతుంది. రూపం ఒకటే కనుక పని చేసే తీరూ ఒకటే అనుకోవడం సహజం. చిన్న పడవల వాళ్లు లంగరు కొనేటప్పుడు, వేసేటప్పుడు చేసే పొరపాట్లలో చాలావాటికి ఈ అపోహే మూలం.

మాట విషయంలో మాత్రం రెండు భాషలవారికీ తేడా లేదు. తెలుగు లంగరు, తమిళ నంగూరం రెండూ పారసీ ‘లంగర్’ నుంచి వచ్చినవే. పడవ ముందు కొసను అణియం అనీ, వెనుక కొసను అమరం అనీ తెలుగు నిఘంటువులు చెబుతాయి. తమిళ జాలరుల నోటా ఆ మాటలే వినిపిస్తాయి. శ్రీకాకుళం నుంచి వచ్చి కాశిమేడు మరపడవల్లో పనిచేసే తెలుగు కూలీలకు, స్థానిక తమిళ సరంగులకు మధ్య పడవ సామాన్ల పేర్లతో పెద్దగా ఇబ్బంది ఉండకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

నీటి అడుగున ఒక వస్తువు పట్టు దొరకబుచ్చుకునే మార్గాలు ప్రధానంగా మూడు. బరువు చేత అక్కడే కూర్చోవడం ఒకటి, ఏదైనా గట్టి వస్తువుకు తగులుకోవడం రెండోది, మెత్తని నేలను చీల్చుకుని లోపలికి దిగడం మూడోది. రాయి మొదటి పని చేస్తుంది, కొక్కెం రెండోది చేస్తుంది, అసలైన లంగరు మూడోది చేస్తుంది. నాలుగు కొమ్ముల లంగరు రూపంలో లంగరైనా స్వభావంలో కొక్కెమే. దాన్ని పడవ సామాన్ల దుకాణాల్లో గ్రాప్నెల్ అంటారు.

బరువు సంగతి ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే ఎంత బరువుంటే అంత పట్టు అన్న నమ్మకం చాలా బలమైనది. నీటిలో ప్రతి వస్తువూ తాను తొలగించిన నీటి బరువంత తేలికవుతుంది. గట్టుమీద 10 కిలోలు తూగే నల్లరాయి సముద్రపు నీటిలో సుమారు 6 కిలోలే తూగుతుంది. సిమెంటు దిమ్మె అంతకంటే తక్కువ, 5.7 కిలోల దగ్గర ఉంటుంది; ఇనుము అయితే 8.7 కిలోలు. ఇప్పుడు గాలి లెక్క చూద్దాం. చిన్న పడవకు ఎదురుగాలి తగిలే భాగం 2 చదరపు మీటర్లనుకుంటే, గంటకు 36 కిలోమీటర్ల గాలి దాన్ని సుమారు 12 కిలోల బరువుతో సమానమైన బలంతో వెనక్కి నెడుతుంది. గాలి వేగం రెట్టింపై 72 కిలోమీటర్లకు చేరితే ఆ తోపు రెట్టింపుతో ఆగదు, నాలుగు రెట్లై 48 కిలోలకు పోతుంది. అలల కుదుపులు దీనికి అదనం. నీటిలో 6 కిలోలే తూగే రాయి ఇసుక మీద ఈడ్వబడకుండా నిలవాలంటే దానికి ఆధారం రాపిడి ఒక్కటే, ఆ రాపిడి రాయి బరువుకంటే తక్కువే ఉంటుంది. కనుక ఓ మోస్తరు గాలికే రాయి జారుతుంది. గాలీ ప్రవాహమూ పెద్దగా లేనిచోట వల అంచును అదిమి పెట్టడానికి రాయి చాలు, మనుషులున్న పడవను నిలపడానికి చాలదు.

ప్రాచీనులు రాతితోనే నెట్టుకొచ్చారన్నది నిజమే. గుజరాత్ తీరంలో ద్వారక దగ్గర సముద్ర గర్భంలో పురావస్తు శాస్త్రజ్ఞులు జరిపిన అన్వేషణల్లో మూడు రంధ్రాల త్రికోణాకారపు రాతి లంగర్లు బయటపడ్డాయి. అయితే ఆ రాళ్లు కేవలం బరువులు కావు. పై రంధ్రంలో మోకు కట్టి, కింది రెండు రంధ్రాల్లో కర్ర మేకులు దూర్చేవారు. నేలను గీరుకుంటూ పట్టుకునేవి ఆ మేకులే. అంటే బరువు మీద మాత్రమే ఆధారపడితే లాభం లేదన్న సంగతి ఇనుప లంగరు రాకముందే తెలుసు.

నేలను చీల్చుకుని దిగే లంగరులో ఉన్న తెలివంతా దాని రెక్క నేలకు ఏ కోణంలో తగులుతుందన్న దానిలో ఉంది. పాత ఓడల బొమ్మల్లో కనిపించే లంగరుకు కాడ పైభాగాన ఒక అడ్డకడ్డీ ఉంటుంది. కింది చేతులు ఒక దిశలో ఉంటే ఆ కడ్డీ వాటికి అడ్డంగా మరో దిశలో ఉంటుంది. అది అలంకారానికి పెట్టింది కాదు. లంగరు నేలమీద వెల్లకిలా పడినా, మోకు లాగేసరికి ఆ కడ్డీ దాన్ని దొర్లించి ఒక చేయి నేలలోకి గుచ్చుకునేట్టు చేస్తుంది. 1933లో బ్రిటిష్ భౌతిక శాస్త్రజ్ఞుడు జెఫ్రీ ఇంగ్రమ్ టేలర్ నాగటి కర్రును పోలిన లంగరును రూపొందించాడు. ద్రవాల గతి మీద పనిచేసిన అంతటి గణితవేత్తకు పడవ లంగరు మీద ఆసక్తి ఏమిటంటే, ఆయనకు తెరచాప పడవ నడిపే అలవాటు ఉంది. అమెరికాలో రిచర్డ్ డాన్‌ఫోర్త్ పేరుమీద వచ్చిన తేలికపాటి లంగరుకు వెడల్పాటి పలుచని రెక్కలు రెండు ఉంటాయి, అవి కీలు మీద అటూ ఇటూ వాలుతాయి. రెండో ప్రపంచ యుద్ధంలో తీరానికి సైనికులను దించే నావలు ఒడ్డెక్కే ముందే దీన్ని వెనుకవైపు జారవిడిచి, దిగాల్సినవారు దిగాక ఆ మోకును లాక్కుంటూ మళ్లీ నీళ్లలోకి వెళ్లేవి. ఇసుకలో, బురదలో తన బరువుకు ఎన్నో రెట్ల లాగుడును అది తట్టుకుంటుంది, ఎందుకంటే లాగే కొద్దీ లోపలికి దిగుతుంది.

నాలుగు కొమ్ముల గ్రాప్నెల్‌కు ఈ గుణం లేదు. దాని కొమ్ములు సన్నని కడ్డీలు. ఇసుకను అవి దువ్వెన పళ్లలా దువ్వుకుంటూ పోతాయి. రాళ్ల సందుల్లో, మునిగిన ఓడల శిథిలాల మీద, పగడపు దిబ్బల అంచుల్లో మాత్రం ఉడుంపట్టు పడుతుంది. దీన్నిబట్టి చూస్తే చెన్నై తీరానికి ఏది తగునో తేల్చడం కష్టం కాదు. మెరీనా ముందు ఇసుక, అడయారు, కూవం నదుల మొగల దగ్గర బురద కలిసిన అడుగు. ఇక్కడ రెక్కల లంగరు కావాలి. రాయపురం నుంచి ఎన్నూరు వైపు కథ వేరు. ఓడరేవు కట్టిన తర్వాత దక్షిణాన ఇసుక మేట వేసి మెరీనా వెడల్పయింది, ఉత్తరాన తీరం కోసుకుపోయింది, ఆ కోతను ఆపడానికి వేసిన బండరాళ్ల కట్టలు, నీళ్లలోకి చొచ్చుకుపోయిన రాతి గోడలు అక్కడ బారులు తీరి ఉన్నాయి. ఆ రాళ్లకు దగ్గరగా ఆగవలసిన పడవకు కొక్కేల లంగరే మేలు. పులికాట్ సరస్సుకు వస్తే ఈ చర్చే అక్కర్లేదు. తెలుగు, తమిళం కలగలిసి వినిపించే ఆ సరస్సు చాలా భాగం నడుముల్లోతుకు మించదు కనుక, గెడకర్రను బురదలో గుచ్చి పడవను దానికి కట్టేస్తే సరిపోతుంది.

ఆన్‌లైన్‌లో చిన్న పడవలకూ కయాక్‌లకూ అమ్మే మడత లంగర్లు దాదాపు అన్నీ ఈ గ్రాప్నెల్ రకమే. కొమ్ములు ముడుచుకుంటాయి, సంచిలో పడతాయి, కిలోన్నర నుంచి మూడు కిలోల పైచిలుకు బరువుల్లో దొరుకుతాయి, ధరా తక్కువే. ముట్టుకాడు వెనుకజలాల్లో గాలి లేని ఉదయం పూట చేపలకు గాలం వేసుకునే మనిషికి అది సరిపోతుంది. అదే వస్తువును నమ్ముకుని అలలు దాటి సముద్రంలోకి పోవడం వేరే సంగతి.

రకం సరిగ్గా ఎంచుకున్నా, తాడు పొడవు సరిపోకపోతే ఏ లంగరూ నిలవదు. లంగరును నేలకు సమాంతరంగా లాగినప్పుడే రెక్క లోపలికి దిగుతుంది. పైకి లాగితే ఊడి వస్తుంది. పడవ తేలేది పైన కాబట్టి తాడు ఎప్పుడూ ఏటవాలుగానే ఉంటుంది, ఆ వాలును తగ్గించడానికి ఉన్న దారి తాడును పొడవుగా వదలడమే. తాడు తిన్నగా బిగిసిందనుకుని లెక్క కడితే, లోతుకు రెట్టింపు పొడవు వదిలినప్పుడు అది నేలతో 30 డిగ్రీల కోణం చేస్తుంది. మూడు రెట్లకు 19 డిగ్రీల పైన, అయిదు రెట్లకు 11 డిగ్రీల పైన, ఏడు రెట్లకు 8 డిగ్రీలు. రెండు నుంచి అయిదుకు పోతే వచ్చే లాభం పెద్దది, ఏడు దాటాక పెరిగేది స్వల్పం. అందుకే తాడు మీద ఆగే చిన్న పడవకు అయిదు నుంచి ఏడు రెట్లు అన్న కొలత ప్రపంచమంతటా స్థిరపడింది. లోతు అన్నప్పుడు నీటి మట్టం నుంచి పడవ ముందు కొస ఎత్తు కూడా కలపాలి. 10 మీటర్ల నీళ్లలో, మీటరు ఎత్తు కొస ఉన్న పడవకు లెక్క 11 మీద మొదలవుతుంది, అంటే కనీసం 55 మీటర్లు, గాలి ఎక్కువైతే 77 మీటర్లు. చెన్నైలో ఆటుపోట్ల తేడా సుమారు ఒక మీటరే కాబట్టి ఆ సవరణ చిన్నది. గుజరాత్‌లోని ఖంభాత్ సింధుశాఖలో అయితే ఆటుపోట్ల తేడాయే పెద్ద లెక్క. ఇరవై మీటర్ల తాడుచుట్టను చూసి, లోతు పది మీటర్లే కదా, ఇది చాలులే అనుకోవడమే ఎక్కువగా జరిగే తప్పు.

తాడు పొడవుతోపాటు తాడు జాతి కూడా చూడాలి. జార్జిటౌన్ తాళ్ల దుకాణాల్లో చవగ్గా దొరికే పచ్చ, నీలి రంగు పాలీప్రొపిలీన్ తాడు నీటి మీద తేలుతుంది. వదులుగా ఉన్నప్పుడు అది పైకి తేలి పక్క పడవ ఇంజను ఫంకాలో చుట్టుకోవచ్చు. ఎండకు కూడా త్వరగా పెళుసుబారుతుంది. నైలాను మునుగుతుంది, అంతకు మించి సాగుతుంది. అల పడవను ఒక్క కుదుపు కుదిపినప్పుడు ఆ సాగుడు దెబ్బను మింగేస్తుంది కాబట్టి లంగరు ఊడదు. లంగరుకూ తాడుకూ నడుమ రెండు మూడు మీటర్ల ఇనుప గొలుసు వేస్తే రెండు ప్రయోజనాలు: గొలుసు బరువు కాడను నేలకు వంచి ఉంచుతుంది, రాళ్ల అంచులకు రాసుకుని తాడు తెగకుండా కాపాడుతుంది. ఎక్కువ ఖర్చు పెట్టి పెద్ద లంగరు కొనడంకంటే, ఆ డబ్బుతో గొలుసూ మంచి తాడూ కొనుక్కోవడమే చాలా సందర్భాల్లో తెలివైన పని.

పట్టు దొరకడం ఎంత అవసరమో విడిపించుకోవడం అంత అవసరం. రాళ్లలో ఇరుక్కున్న గ్రాప్నెల్ ఒక్కోసారి ఎంత లాగినా రాదు, చివరికి తాడు కోసేసి పోవలసి వస్తుంది. దీనికి జాలరులు ఎన్నో తీరాల్లో కనిపెట్టిన విరుగుడు, కొమ్ములను వంగే మెత్తని ఇనుప కడ్డీతో చేయించుకోవడం. మామూలు లాగుడుకు నిలుస్తాయి, ఇంజను బలంతో లాగితే కొమ్ములు తిన్నగా సాగి లంగరు బయటికి వస్తుంది, మళ్లీ సుత్తితో వంచుకుంటే సరి. మరో ఉపాయం ఇంకా నాజూకైనది. మోకును లంగరు పై వలయానికి కాకుండా కొమ్ములు కలిసే అడుగు భాగానికి కట్టి, కాడ వెంట పైకి తెచ్చి, వలయం దగ్గర సన్నని పురికొసతో మాత్రం ముడి వేస్తారు. పడవ నిలిచి ఉన్నంతసేపు లాగుడు వలయం గుండా పోతుంది. ఇరుక్కున్నప్పుడు పడవను సరిగ్గా లంగరు మీదికి తెచ్చి నిట్టనిలువుగా గట్టిగా లాగితే పురికొస తెగుతుంది, అప్పుడు బలం అడుగు నుంచి పడి, వెళ్లిన దారినే కొమ్ములు వెనక్కి వచ్చేస్తాయి. పురికొస మందం ఎంత ఉండాలన్నదే ఇందులో అనుభవం. మరీ సన్ననిదైతే రాత్రిపూట గాలికే తెగుతుంది.

లంగరు మోకును ఎక్కడ కట్టాలన్న విషయంలో మాత్రం అభిప్రాయ భేదాలకు చోటు లేదు. అణియానికే కట్టాలి. ఫైబరు పడవల వెనుక కొసన ఇంజను బరువు ఉంటుంది, అంచు ఎత్తు తక్కువ. అటువైపు లంగరు కడితే మోకు ఆ కొసను కిందికి గుంజుతుంది, అలలు నేరుగా లోపలికి వస్తాయి, చూస్తుండగానే పడవ నిండుతుంది. అదే అణియం గాలికీ అలకూ ఎదురు తిరిగి ఉంటే నీళ్లను చీల్చుకుని నిలుస్తుంది. చెన్నై వంటి తెరిచిన తీరంలో ఇంజను ఆగిన పడవకు అసలు గండం ఒడ్డు దగ్గర విరిగే అలల్లోనే ఉంటుంది. అడ్డం తిరిగి వాటిలో పడితే బోల్తా కొడుతుంది. కనుక ఇంజను విప్పి చూసేముందే లంగరు వేయాలి. తాడు అందని లోతుల్లో నేల లంగరుకు బదులు నీటి లంగరు పనికొస్తుంది. అది గరాటా ఆకారపు గుడ్డ సంచి. అణియం నుంచి వదిలితే నీటిలో విచ్చుకుని పడవ కొట్టుకుపోయే వేగాన్ని తగ్గిస్తూ, ముందు కొసను గాలికి ఎదురుగా పట్టి ఉంచుతుంది. గాలివాటుకు వదిలిన పొడవాటి వల కూడా కొంత ఈ పనే చేస్తుంది.

ఈ నగరపు చరిత్రే ఒక రకంగా లంగరు చరిత్ర. సహజమైన రేవు లేని చోట కోట కట్టుకున్న ఈస్టిండియా కంపెనీ ఓడలు తీరానికి దూరంగా, ఏ ఆశ్రయమూ లేని నీళ్లలో లంగరు వేసి ఆగేవి. సరుకులూ మనుషులూ పలకలను తాళ్లతో కుట్టిన మసులా పడవల్లో, తెప్పల్లో అలలు దాటి ఒడ్డుకు చేరేవారు. తుపాను సూచన కనిపిస్తే లంగరు తాడు వదిలేసి నడిసముద్రంలోకి పారిపోవడమే ఓడకు క్షేమం. 1746 సెప్టెంబరులో మద్రాసును పట్టుకున్న ఫ్రెంచి సేనాని లా బూర్దొనే నౌకాదళం అక్టోబరులో వచ్చిన తుపానుకు ఇక్కడే ఛిన్నాభిన్నమైంది. లంగరుకు ఆధారం లేని తీరం అన్న లోటు తీర్చడానికి 19వ శతాబ్దం చివర్లో కడుతున్న ఓడరేవు గోడలను కూడా 1881 నవంబరు తుపాను దెబ్బతీసింది.

కొక్కెం విసిరి కోటగోడ ఎక్కడం తెలుగు ప్రేక్షకులకు జానపద సినిమాల్లో బాగా అలవాటైన దృశ్యం. 1670లో శివాజీ సేనాని తానాజీ సింహగఢ్ ముట్టడిలో తాడు కట్టిన ఉడుమును గోడకు పాకించాడన్న మరాఠా గాథా ఆ కోవలోదే. యుద్ధ చరిత్రలో కొక్కేనికి చోటు ఎక్కువగా సముద్రం మీదే దొరికింది. క్రీ.పూ. 413లో సిసిలీ ద్వీపంలోని సిరక్యూస్ రేవులో ఎథెన్స్ నావికులు శత్రు నావలను ఒడిసిపట్టడానికి ఇనుప చేతులు సిద్ధం చేసుకుంటే, ఆ సంగతి తెలిసిన సిరక్యూస్‌వాళ్లు కొక్కేలు జారిపోయేలా తమ నావల ముందు కొసలకు తోళ్లు కప్పారని గ్రీకు చరిత్రకారుడు థుసిడిడీస్ రాశాడు. 1944 జూన్ 6న నార్మండీలో పాయింట్ దు ఓక్ కొండ చరియను ఎక్కడానికి అమెరికన్ రేంజర్లు రాకెట్లతో కొక్కేలను ప్రయోగించారు. సముద్రపు తుంపరలకు తాళ్లు తడిసి బరువెక్కడంతో చాలా కొక్కేలు పైకి చేరనే లేదు. సినిమా చూపించనిది ఇదే: పైన కొక్కెం దేనికి తగులుకుందో కింది మనిషికి కనబడదు, ఆ తగులు ఎంతసేపు నిలుస్తుందో లాగి చూసినా పూర్తిగా తేలదు. ప్రాణం వేలాడదీయడానికి అది తగిన ఆధారం కాదు.

వస్తువులను వెదికి తీయడంలో మాత్రం కొక్కేనికి సాటి లేదు. బావిలో పడిన ఇత్తడి బిందెను, రాగి చెంబును ఎంత బలమైన అయస్కాంతమూ పట్టుకోలేదు, పాతాళగరిగె పట్టుకుంటుంది. దాని కొక్కేలు బిగుతుగా అతికించినవి కాకుండా వలయానికి వదులుగా వేలాడడమే అందుకు కారణం; ఎటు తగిలితే అటు వంగి అంచును వెదుక్కుంటాయి. అది కనుమరుగు కావడానికి మోటారు పంపులు ఎంత కారణమో ప్లాస్టిక్ బిందె అంత కారణం. నీటికంటే తేలికైన ఆ బిందె నిండినా మునగదు మరి. సముద్రంలో తెగిపోయిన వలలను వెదకడానికి జాలరులు గ్రాప్నెల్‌ను నేలమీద ఈడ్చుకుంటూ అటూ ఇటూ తిరుగుతారు. వల అడుగునే ఉండిపోతే ఏళ్ల తరబడి చేపలను చంపుతూనే ఉంటుంది కాబట్టి ఈ పని వల ధరకు మించిన మేలు చేస్తుంది.

ఈ పద్ధతికి అతి పెద్ద రూపం సముద్రగర్భ కేబుళ్ల పనిలో కనిపిస్తుంది. 1865లో గ్రేట్ ఈస్టర్న్ ఓడ అట్లాంటిక్‌లో వేస్తున్న తంతి కేబులు తెగి, మూడున్నర కిలోమీటర్లకు మించిన లోతులో పడిపోయింది. గ్రాప్నెల్ వంటి పెద్ద గాలాలు దించి దాన్ని పట్టుకున్నారు కానీ, పైకి లాగుతుంటే గాలం మోకే తెగింది. మరుసటి ఏడు ఇంకా గట్టి మోకులతో వచ్చి, ఎన్నో ప్రయత్నాల తర్వాత అదే కేబులును పైకి తీసి, అతికి, పని పూర్తి చేశారు. నేటికీ లోతు నీళ్లలో కేబుల్ మరమ్మతు ఓడలు గాలాన్ని కేబులు దారికి అడ్డంగా మెల్లగా ఈడ్చి, తగిలాక మోకు మీద పెరిగే బిగువును బట్టి గుర్తించి, పైకి తెచ్చి అతుకుతాయి.

దేశంలో ముంబయి తర్వాత సముద్రగర్భ కేబుళ్లు ఎక్కువగా ఒడ్డుకు చేరే నగరం చెన్నై. 2020 ఆగస్టులో ప్రారంభమైన, సుమారు 2,300 కిలోమీటర్ల చెన్నై–అండమాన్ కేబులు కూడా ఇక్కడినుంచే బయలుదేరుతుంది. లోతు తక్కువైన తీరప్రాంతంలో ఇలాంటి కేబుళ్లకు ప్రధాన శత్రువులు చేపల వలలూ ఓడల లంగర్లే. 2008 ఫిబ్రవరిలో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్, ఒమన్‌ల మధ్య ఫాల్కన్ కేబులు తెగినప్పుడు, మరమ్మతుకు వెళ్లినవారికి దాని పక్కన దొరికింది ఎవరో వదిలేసిన అయిదారు టన్నుల లంగరు. అందుకే కొత్త కేబులు పాతే ముందు ఒక ఓడ ఆ దారి పొడవునా గాలాన్ని ఈడ్చుకుంటూ పోయి అడ్డంకులను ఏరివేస్తుంది. పాత మోకులు, చిరిగిన వలలు, వాడుకలో లేని తీగలతోపాటు, తాడు కోసి వదిలేయగా అడుగున మిగిలిపోయిన లంగర్లూ ఆ గాలానికి తగులుకుంటాయి.